జూనియర్ న్యాయవాదులకు భృతి ఇవ్వాలి

సంపాదకులు గారికి,

జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు చెప్పింది. కోర్టు పని తెలియకుండా తీర్పు చెప్పే కుర్చీలో కూర్చోకూడదన్న మాటతో నాకు పేచీ లేదు. అయితే ఆ మూడేళ్లు దేవరకొండ, అచ్చంపేట వంటి చోట్ల జూనియర్ దేనితో బతకాలన్నది కూడా ఎవరో ఒకరు తేల్చాలి.

పొద్దున్నే సీనియర్ ఆఫీసులో ఫైళ్లు సర్ది, పదిన్నరకల్లా కోర్టు హాల్లో నిలబడి, వాయిదాలు డైరీలో రాసుకుని, అభ్యంతరాలతో తిరిగొచ్చిన దావాను సరిచేసి మళ్లీ దాఖలు చేసే జూనియర్‌కు నెల తిరిగేసరికి చేతికొచ్చేది బస్సు ఛార్జీలకు సరిపోతే గొప్ప. గ్రామీణ ప్రాంతాల్లో నెలకు 15,000, పట్టణాల్లో 20,000 రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది కానీ అది సూచన మాత్రమే. పైగా చిన్న కోర్టుల్లో చాలామంది సీనియర్లకే అంత రాబడి ఉండదు.

దీనివల్ల నష్టపోయేది జూనియర్లు ఒక్కరే కాదు. భూమి కొని, రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద సాదా బైనామా (అమ్మకపు పత్రం) రాయించుకుని, పట్టాదారు పాస్‌బుక్‌లో పేరెక్కక తిరుగుతున్న తండా మహిళను తీసుకోండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆమెకు ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. ఆ వచ్చే న్యాయవాది ఆమెతో కూర్చుని సర్వే నంబరు, హద్దులు, అమ్మినవాళ్ల వారసులు, బతికున్న సాక్షులు ఎవరో ఓపిగ్గా రాబట్టాలి. లంబాడీ మాట్లాడే ఆ ప్రాంతపు పిల్లలకే ఈ పని బాగా వస్తుంది, ముందుగా వృత్తి వదిలి హైదరాబాద్‌లో కంపెనీ కొలువులకు వెళ్తున్నదీ వాళ్లే. ఇంట్లో అప్పు, చెల్లెలి పెళ్లి పెట్టుకుని వెళ్లినవాళ్లను డబ్బు మనుషులనడం అన్యాయం. వకీలు వృత్తిలో మొదట ఓపిక పట్టాలని పెద్దలు అంటారు. ఆస్తి ఉన్న ఇంటి పిల్లలే అంతకాలం ఓపిక పట్టగలరు.

పేదల కేసులు చూడాలనుకునే యువకుడు తిండి మానుకోవాల్సిన పరిస్థితి ఉండకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో జూనియర్లకు నెలకు 5,000 రూపాయలు ఇచ్చే పథకాన్ని 2019లో మొదలుపెట్టారు. తెలంగాణ ప్రభుత్వం జిల్లా, తాలూకా స్థాయి కోర్టుల్లో పనిచేసే జూనియర్లకు మొదటి మూడేళ్లూ బార్ కౌన్సిల్ సూచించిన 15,000 రూపాయలు చెల్లించి, బదులుగా వారానికి ఒక రోజు మండల న్యాయ సేవా కమిటీలో పనిచేయమని అడగాలి. వచ్చే బడ్జెట్‌లో ఇందుకు నిధులు కేటాయించాలని, నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ బార్ అసోసియేషన్లు అంతకుముందే తీర్మానాలు చేసి ప్రభుత్వానికి పంపాలని కోరుతున్నాను.

— ఒక న్యాయవాది, దేవరకొండ, నల్లగొండ జిల్లా