టాస్క్‌బార్ బిగుసుకుపోతే కంప్యూటరంతా తుడిచేశారు: మీ సర్వీసుపై ఫిర్యాదు

బి. క్యాంపు, కర్నూలు,
జూలై 21.

సర్వీసు విభాగం మేనేజరు గారికి,

విషయం: అడగకుండా కంప్యూటర్ ఫార్మాట్ చేయడం, ఫైళ్లు పోవడం, రూ. 2,360 వాపసు గురించి.

అయ్యా,

నేను ఇంట్లోనే డీటీపీ పని చేసుకుంటాను. పెళ్లి శుభలేఖలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, దస్తావేజుల ముసాయిదాలు తెలుగులో టైపు కొట్టి ఇస్తాను. రెండేళ్ల కిందట మీ షోరూములోనే కంప్యూటర్ కొన్నాను.

జూలై 3న పని మధ్యలో తెర అడుగున ఉండే టాస్క్‌బార్ బిగుసుకుపోయింది. స్టార్ట్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మూలనున్న గడియారం 10:42 దగ్గరే ఆగిపోయింది. కానీ మౌస్ కదులుతోంది, తెరిచి ఉన్న పేజ్‌మేకర్‌లో అక్షరాలు పడుతున్నాయి, కంట్రోల్ ఎస్ నొక్కితే సేవ్ కూడా అయింది. మీ టెక్నీషియన్ రాగానే ఇదంతా చెప్పాను. ఆయన కూర్చోకుండానే "విండోస్ కరప్ట్ అయిందమ్మా, ఫార్మాట్ కొట్టాల్సిందే" అన్నారు. నా ఫైళ్ల సంగతేమిటంటే "డీ డ్రైవ్‌లోవి ఎక్కడికీ పోవు" అన్నారు. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి, డాక్యుమెంట్స్ ఫోల్డరులోవి ఫార్మాట్ కొడితే తుడిచిపెట్టుకుపోయే సీ డ్రైవ్‌లోనే ఉంటాయని నాకు తెలియదు. ఆయనకు తెలుసు. నా పని ఎక్కడ దాచుకున్నానో ఒక్క మాట అడిగి ఉంటే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకునేదాన్ని. సర్వీసు చార్జీ 2,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 360 కట్టించుకుని వెళ్లారు. బిల్లులో లోపం ఏమిటో రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

పోయినవాటిలో మూడు శుభలేఖలు మళ్లీ చేసుకున్నాను. కోడుమూరు నుంచి వచ్చే ఒక పెద్దాయన వంశవృక్షం మాత్రం మళ్లీ చేసుకునే పని కాదు. 41 పేజీలు. ఆయన నోటుపుస్తకంలో రాసుకొచ్చినవి కొన్ని, నా పక్కన కుర్చీలో కూర్చుని గుర్తు తెచ్చుకుని చెప్పినవి ఎక్కువ. ఎనభై ఏళ్ల మనిషి మళ్లీ బస్సెక్కి వస్తున్నారు. పోయిన నెల చెప్పిన పేర్లు కొన్ని ఈ నెల గుర్తు రావడం లేదు. ఆయన ముందు తల ఎత్తలేకపోతున్నాను. డిస్కు ఎస్‌ఎస్‌డీ అనే చిప్పుల రకం కాబట్టి తుడిచేసినవి తిరిగి రాబట్టడం దాదాపు కుదరదని ఇద్దరు చెప్పారు. డీ డ్రైవ్‌లో మిగిలిన పేజీలైనా సుఖంగా తెరుచుకున్నాయా అంటే అదీ లేదు. తెలుగు అక్షరాలు చూపించే అను ఫాంట్లు పోవడంతో తెలుగు ఉండాల్సిన చోటల్లా ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. వాటిని సరిచేసుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఇంత చేసినా జబ్బు తగ్గలేదు. జూలై 8న టాస్క్‌బార్ మళ్లీ అలాగే ఆగింది. పక్కింట్లో డిప్లొమా చదివే పిల్లవాణ్ని పిలిచాను. వాడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాడు. అందులో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద కుడి క్లిక్ చేసి రీస్టార్ట్ నొక్కాడు. తెర ఒక్క క్షణం ఖాళీ అయి, టాస్క్‌బార్ తిరిగొచ్చింది, గడియారం నడిచింది. తెరిచి ఉన్న నా పేజీ చెక్కు చెదరలేదు. టాస్క్‌బార్‌ను నడిపేది ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రామేనట. అది ఇరుక్కుపోతే దాన్నొక్కదాన్నే ఆపి మళ్లీ మొదలుపెట్టవచ్చు, దానికి ఒక్క ఫైలు కూడా పోదు. అది పని చేయకపోతే సిస్టమ్ ఫైళ్లను సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్ ఉంది. ఫార్మాట్ అన్నది అన్నిటికంటే చివరి మాట. మీ మనిషి మొదటి మాటగా అదే అన్నారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే.

అసలు కారణం కూడా ఆ పిల్లవాడే పట్టుకున్నాడు. కంప్యూటర్ వేయగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములుండే స్టార్టప్ జాబితాలోవి ఒక్కొక్కటే ఆపి చూశాడు. కంప్యూటర్ వేగం పెంచుతుందని చెప్పి మీ టెక్నీషియన్ ఫార్మాట్ తర్వాత వేసి వెళ్లిన ప్రోగ్రాము దగ్గర తేలింది. కొన్నప్పుడు మీ షోరూములో వేసిచ్చిందీ అదే. జూలై 9న దాన్ని తీసేశాం. ఈ రోజుకు 12 రోజులు, టాస్క్‌బార్ ఒక్కసారి కూడా ఆగలేదు. నేను రూ. 2,360 కట్టింది మీరు పెట్టిన జబ్బును మళ్లీ పెట్టించుకోవడానికి.

ఆ డబ్బు నాకు వాపసు ఇవ్వండి. పోయిన పనికి, తిరిగి కొడుతున్న 41 పేజీలకు పరిహారం ఎంతన్నది మీ మేనేజరు స్థాయి మనిషి నాతో కూర్చుని తేల్చాలి. ఇక మీద ఎవరింట్లోనైనా ఫార్మాట్ చేసే ముందు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్‌లో ఏముందో చూపించి, జాబ్ కార్డు మీద సంతకం తీసుకోవాలని మీ వాళ్లందరికీ రాతపూర్వకంగా చెప్పండి. ఆ కాగితం నకలు నాకు పంపండి. డబ్బు కన్నా నాకు అదే ముఖ్యం. నాలా ఇంట్లో ఒక్క కంప్యూటర్ మీద బతికేవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బిల్లు నకలు, మళ్లీ ఆగినప్పుడు తీసిన ఫోటోలు జతపరుస్తున్నాను.

ఇట్లు,
మీ వినియోగదారు