ముంబయి చీకటికి కారణం ఎవరు తేల్చాలి? కేంద్ర హోం మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర హోం మంత్రి గారికి,

నమస్కారం.

2020 అక్టోబర్ 12 ఉదయం ముంబయిలో కరెంటు పోయింది. లోకల్ రైళ్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. కొవిడ్ రోగులతో నిండిన ఆసుపత్రులు జనరేటర్ల మీద నడిచాయి. నాలుగున్నర నెలల తర్వాత ఒక అమెరికన్ సైబర్ భద్రతా సంస్థ నివేదిక బయటపెట్టింది. చైనాతో సంబంధమున్న హ్యాకర్లు మన విద్యుత్ వ్యవస్థను గురి పెట్టారని, అయితే ముంబయిలో కరెంటు పోయింది వాళ్లవల్లేనని రుజువు చేయలేమని అందులో ఉంది. ఆ వెంటనే మహారాష్ట్ర హోం మంత్రి ఇది సైబర్ విద్రోహం కావచ్చన్నారు. కేంద్ర విద్యుత్ మంత్రేమో అది మనుషుల పొరపాటేనని చెప్పారు. ఇద్దరూ దర్యాప్తు నివేదికలు చూసే మాట్లాడారు. ఆ నివేదికలను పక్కపక్కన పెట్టి, ఇదీ సంగతని తేల్చాల్సిన బాధ్యత ఎవరిదో ఏ చట్టంలోనూ రాసి లేదు. ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

తుపాకీ పేలదు, సరిహద్దు దాటి సైన్యం రాదు, అయినా దెబ్బ తగులుతూనే ఉంటుంది. రక్షణ నిపుణులు దీన్ని గ్రే జోన్ అంటున్నారు. విశాఖ వాళ్లకు ఇది కొత్తేమీ కాదు. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం, కేంద్ర సంస్థలతో కలిసి 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' పేరుతో ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని పట్టుకుంది. ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో పరిచయం, తీయని మాటలు, తర్వాత డబ్బు, చివరికి ఓడల కదలికలు పాకిస్థాన్ చేతికి. ఆ నెలాఖరుకే స్థావరాల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నౌకాదళం నిషేధించింది. కేసు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏకి వెళ్లింది. కేసు నడవాల్సిందే. కానీ కోర్టు తేల్చేది ఫలానా నిందితుడు తప్పు చేశాడా లేదా అన్నది మాత్రమే. అవతలి దేశం ఇంకా ఎక్కడెక్కడ ఇదే పని చేస్తోందో చెప్పడం కోర్టు పని కాదు.

ఇప్పుడు ఎవరి ముక్క వాళ్ల దగ్గరుంది. సైబర్ దాడులను కనిపెట్టే సెర్ట్-ఇన్ ఐటీ శాఖ కింద, దేశంలోపలి నిఘా చూసే ఐబీ మీ కింద, విదేశీ నిఘా చూసే రా కేబినెట్ సచివాలయం కింద పనిచేస్తున్నాయి. ఐబీని, రాని ఏర్పాటు చేస్తూ పార్లమెంటు చేసిన చట్టమే లేదు. 2021 మార్చిలో సెర్ట్-ఇన్ హెచ్చరికతో తెలంగాణ విద్యుత్ సంస్థలు అప్రమత్తమయ్యాయి. లద్దాఖ్ వైపు విద్యుత్ పంపిణీ కేంద్రాలపై చైనా హ్యాకర్లు రెండుసార్లు సైబర్ దాడికి ప్రయత్నించి విఫలమయ్యారని 2022లో కేంద్ర విద్యుత్ మంత్రే చెప్పారు. అదే ఏడాది నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోతే రోగులకు చీటీలు చేత్తో రాసిచ్చారు. వీటి మధ్య సంబంధం ఉందా, లేదా? రెండు జవాబుల్లో ఏదైనా మాకు పనికొచ్చేదే.

బ్రిటన్ అనుభవం చూడండి. 2016 బ్రెగ్జిట్ ఓటింగ్‌లో రష్యా జోక్యం ఉందా అన్న దానిపై ప్రభుత్వం అంచనా నివేదికే తయారు చేయించలేదని వాళ్ల పార్లమెంటు నిఘా కమిటీ 2020లో గట్టిగా తప్పుపట్టింది. జోక్యం జరిగిందని కమిటీ అనలేదు. చూడాల్సినవాళ్లు చూడలేదంది. అమెరికాలో నిఘా సంస్థలు ఏటా ముప్పు అంచనాను కాంగ్రెస్ ముందు పెడతాయి, బయటపెట్టదగ్గ భాగాన్ని ప్రచురిస్తాయి. అది ప్రచురించినంత మాత్రాన వాళ్ల రహస్యాలేం బజారున పడలేదు.

అందుకే ఒక చట్టం తెండి. యుద్ధం దాకా రాని విదేశీ రహస్య చర్యలన్నిటిపై ఏటా ఒక అంచనా తయారుచేసే బాధ్యత ఒకే సంస్థకు అప్పగించండి. పూర్తి నివేదిక పార్లమెంటు కమిటీకి, బయటపెట్టదగ్గ భాగం ప్రజలకు ఇవ్వండి. ముంబయి లాంటిది జరిగితే ఏడాది ఆఖరు దాకా ఆగకుండా గడువు పెట్టి తేల్చాలి.

అయితే ఈ చట్టంలో అరెస్టు అధికారాలు మాత్రం చేర్చకండి. నచ్చని ఉద్యమం కనిపిస్తే చాలు, 'విదేశీ హస్తం' అనడం మన నాయకులకు దశాబ్దాల అలవాటు, ఏ పార్టీ వాళ్లైనా సరే. లెక్కగట్టాల్సింది విదేశీ ప్రభుత్వాల పనిని, ఇక్కడి పౌరుల అభిప్రాయాలను కాదు. నివేదిక రాసే అధికారుల మధ్య భిన్నాభిప్రాయం ఉంటే, అది కూడా అందులో అచ్చు కావాలి. మంత్రిత్వ శాఖకు రుచించలేదని కొట్టేసే వీలుండకూడదు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక పౌరుడు