లిస్ట్‌బాక్స్‌లో తొలగింపు చివరి నుంచే

సంపాదకులకు,

విద్యా పేజీలో పైథాన్ పాఠాలు వేసేటప్పుడు తెరపై విండోలు తయారుచేసే టికింటర్ లైబ్రరీలోని లిస్ట్‌బాక్స్‌కు, అంటే వరుసల జాబితా చూపే పెట్టెకు, చిన్న సహాయక ఫంక్షన్లు రాయడమూ నేర్పించండి. ఎంచుకున్న వరుసల్ని తీసేసే ఫంక్షన్ దగ్గరే విద్యార్థులు ఎక్కువగా తడబడతారు. ఏ వరుసలు ఎంచుకున్నారో చెప్పే కర్‌సెలెక్షన్ మెథడ్ ఇచ్చే స్థానాలు 0 నుంచి మొదలవుతాయి. 1, 3 ఎంచుకుని పైనుంచి తీస్తే, 1 పోగానే కిందివన్నీ ఒక స్థానం పైకి జరుగుతాయి. ఆ తర్వాత 3ను తీయమంటే పోయేది మొదట 4లో ఉన్న పేరు. ఎర్రర్ కూడా రాదు, అసలు ప్రమాదం అదే! కాబట్టి స్థానాలను రివర్స్‌డ్‌తో తిప్పి, చివరి నుంచి తీయాలి.

ఏదీ ఎంచుకోకపోతే కర్‌సెలెక్షన్ నుంచి ఖాళీ టపుల్ (విలువల వరుస) వస్తుంది, అది ముందే చూసుకోవాలి. రెండు లిస్ట్‌బాక్సులుంటే ఎక్స్‌పోర్ట్‌సెలెక్షన్ అనే ఆప్షన్‌కు ఫాల్స్ ఇవ్వాలి. లేకుంటే ఒకదాంట్లో ఎంచుకోగానే రెండోదాంట్లో ఎంపిక చెరిగిపోతుంది.

– ఒక కంప్యూటర్ అధ్యాపకుడు, వరంగల్