ఆ ఫోటోలో ఉన్నది టెలిఫోన్ ఆపరేటర్ కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి నావికుల మీద మీరు వేసిన ఫుల్ పేజీ చదివాను, బాగుంది, కట్ చేసి దాచుకున్నాను కూడా. కానీ అందులో రెండు విషయాలు వారం నుంచీ మనసులో మెదులుతూనే ఉన్నాయి, అందుకే ఈ ఉత్తరం. ఒకటి, కింద కుడి పక్కన వేసిన ఫోటో. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బల్ల మీదకి వంగి కూర్చున్న కుర్రాడు, కింద "ఓడలో టెలిఫోన్ ఆపరేటర్" అని రాశారు. రెండోది వ్యాసం మధ్యలో ఒక వాక్యం, డెక్ మీద వాళ్ళు ప్రాణాలకి తెగించి పోరాడుతుంటే రేడియో వాళ్ళు లోపల సేఫ్‌గా కూర్చుని మెసేజ్‌లు పంపేవాళ్ళు అని. ఆ "సేఫ్‌గా" అన్న మాట దగ్గరే నాకు బాధేసింది.

నేను నేవీలో చేయలేదు. సరదా కోసం సొంతంగా రేడియో నడిపే హామ్ రేడియో లైసెన్స్ తీసుకుని ఇరవై ఏళ్ళు దాటింది, రోజూ కాసేపైనా మోర్స్ (పొట్టి, పొడుగు కూతలతో అక్షరాలు పంపే పద్ధతి) వింటాను, కాబట్టి ఆ కుర్రాడి చెవుల్లో ఏం మోగుతూ ఉంటుందో కొంచెమైనా తెలుసు.

ముందు "పంపేవాళ్ళు" అన్న మాట సంగతి. యుద్ధం టైంలో సముద్రం మీద ఉన్న ఓడ మామూలుగా ఏమీ పంపదు, రేడియో సైలెన్స్ పాటిస్తుంది. ఎందుకంటే కీ (మోర్స్ పంపడానికి నొక్కే మీట) నొక్కితే చాలు, సిగ్నల్ ఏ దిక్కు నుంచి వస్తోందో శత్రువు పట్టేస్తాడు, రెండు మూడు చోట్ల నుంచి ఆ దిక్కులు గీసి చూస్తే గీతలు కలిసిన చోట ఓడ ఉన్నట్టే. 1941 మే 25న బిస్మార్క్ అనే జర్మన్ యుద్ధనౌక విషయంలో జరిగింది ఇదే. వెంటాడుతున్న బ్రిటిష్ ఓడలు తెల్లవారుజామునే దాని జాడ పోగొట్టుకున్నాయి, ఆ సంగతి జర్మన్ అడ్మిరల్ లుట్జెన్స్‌కి తెలియక ఇంకా తన వెనకే ఉన్నారనుకుని పెద్ద మెసేజ్ పంపించాడు, దాంతో బ్రిటిష్ వాళ్ళకి మళ్ళీ దిక్కు దొరికింది. ఆ దిక్కుల్ని మ్యాప్ మీద మొదట తప్పుగా గీసుకుని కొన్ని గంటలు వేరే వైపు పరిగెత్తారు, అది వేరే విషయం. 27న ఓడ మునిగింది, 2,000 మందికి పైగా పోయారు.

అందుకని ఆపరేటర్ అసలు పని వినడం. ఒడ్డు మీద పెద్ద స్టేషన్ నుంచి అన్ని ఓడలకీ కలిపి వరస నంబర్లతో మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి, అందింది అని ఎవరూ జవాబు చెప్పరు, అక్కడ వాళ్ళు పంపుతారు ఇక్కడ వీళ్ళు రాసుకుంటారు అంతే. నాలుగు గంటల వాచ్ (డ్యూటీ వంతు) అయ్యాక ఇంకొకడు వచ్చి హెడ్‌ఫోన్స్ తీసుకుంటాడు, వినడం మాత్రం ఆగదు. మీరు రోజూ ఉత్తరాలు చదువుతారు కదా, ఒక అక్షరం చెరిగిపోయినా పక్క మాటల్ని బట్టి అందాజుగా చదివేస్తారు. వీళ్ళకి ఆ అవకాశం లేదు, చాలావరకు వచ్చేవి కోడ్ గ్రూపులు, అర్థం లేని అక్షరాలో అంకెలో గుత్తులు గుత్తులుగా. నేను ప్రాక్టీస్ కోసం ఐదక్షరాల గ్రూపులు రాసుకోవడం మొదలుపెడితే పది నిమిషాలకి మెడ పట్టేసేది, ఒక అక్షరం జారిపోయిందే అని ఒక్క క్షణం దాని మీద మనసు పెడితే తర్వాతి నాలుగూ వెళ్ళిపోతాయి. పోయిన చోట చుక్క పెట్టి ముందుకెళ్ళాలి, వెనక్కి చూడకూడదు. నేను ఫ్యాన్ కింద, కదలని కుర్చీలో కూర్చుని రాశాను. వాళ్ళు కిటికీ లేని ఇనప గదిలో, ఓడ అటూ ఇటూ ఊగుతుంటే, వాంతులు చేసుకుంటూ, చెవుల్లో ఉరుముల గరగర మధ్య సన్నగా వినపడే ఒక్క కూత కోసం రాశారు. మళ్ళీ చెప్పమని అడగాలంటే కీ నొక్కాలి, నొక్కకూడదు. ఆ జారిపోయిన మెసేజ్‌లోనే ముందు జలాంతర్గాములున్నాయి దారి మార్చుకోండి అని ఉంటే ఏంటి పరిస్థితి, ఆలోచించండి.

ఓడ రేడియో గదుల్లో గోడ గడియారానికి రెండు చోట్ల ఎర్ర రంగు వేసి ఉండేది, 15 నుంచి 18 నిమిషాల దాకా, 45 నుంచి 48 దాకా. ఆ మూడేసి నిమిషాలు 500 కిలోహెర్ట్జ్ అనే ఫ్రీక్వెన్సీ మీద మామూలు మెసేజ్‌లన్నీ ఆపేసి, ఎవరైనా ఆపదలో ఉండి సన్నగా పిలుస్తున్నారేమో అని అందరూ చెవి ఒగ్గి వినాలి. అలాంటి గడియారం బొమ్మ ఒకటి చూసినప్పటి నుంచీ నాకు ఆ ఎర్ర ముక్కలే కళ్ళలో ఉండిపోయాయి.

ఇక కీ నొక్కాల్సి వచ్చిన రోజు సంగతి. 1939 డిసెంబర్ 2, దక్షిణ అట్లాంటిక్‌లో డోరిక్ స్టార్ అనే బ్రిటిష్ సరుకు ఓడ మీద గ్రాఫ్ స్పీ అనే జర్మన్ యుద్ధనౌక దాడి చేసింది. రేడియో ఆపేయమని ఆర్డర్ వేసింది, ఆపకపోతే కాలుస్తామంది. అయినా డోరిక్ స్టార్ ఆపరేటర్ ఆపలేదు, ఆర్ ఆర్ ఆర్ అని, దాంతోపాటు తామున్న చోటూ కొడుతూనే ఉన్నాడు, ఆర్ ఆర్ ఆర్ అంటే యుద్ధనౌక దాడి చేస్తోంది అని. (జలాంతర్గామి అయితే ఎస్, విమానం అయితే ఏ.) ఓడ ఎలాగూ మునుగుతుందని, తన మెసేజ్ తన ఓడని కాపాడదని తెలిసే కొట్టాడు. ఆ చోటు పట్టుకుని లెక్కేసిన బ్రిటిష్ నేవీ కమోడోర్ హార్వుడ్, ఇది తర్వాత దక్షిణ అమెరికాలోని రివర్ ప్లేట్ వైపే వస్తుందని అంచనా కట్టి మూడు క్రూయిజర్లతో (ఒక రకం యుద్ధనౌకలు) అక్కడ కాపు కాశాడు, 13న గ్రాఫ్ స్పీ నిజంగానే అక్కడికి వచ్చింది, 17న ఉరుగ్వే రాజధాని మాంటెవీడియో బయట దాని కెప్టెనే దాన్ని పేల్చేసుకున్నాడు. ఈ యుద్ధం గురించి ఎక్కడ చదివినా హార్వుడ్ పేరూ క్రూయిజర్ల పేర్లూ ఉంటాయి, ఆ ఆపరేటర్ గురించి మాత్రం ఒక్క లైన్, అదీ దొరికితే.

శత్రు ఓడ చాలాసార్లు మొదటి గుండు ఎక్కడ గురిపెట్టేదో కూడా చెప్పాలి. ఏరియల్ (రేడియో యాంటెన్నా) మీద, రేడియో గది మీద. ఎందుకంటే అది నోరు, నోరు నొక్కేస్తే మిగతా పని తీరిగ్గా చేసుకోవచ్చు. సేఫ్ అన్న గది అదీ.

పంపిన పిలుపు అందని వాళ్ళ కథ ఇంకా కష్టం. 1945 జులై 30 అర్ధరాత్రి దాటాక అమెరికన్ క్రూయిజర్ ఇండియానాపొలిస్‌కి రెండు టార్పెడోలు తగిలాయి, సుమారు పన్నెండు నిమిషాల్లో మునిగిపోయింది. కరెంటు పోయిన చీకట్లో, ఓడ పక్కకి ఒరిగిపోతుంటే, రెండో రేడియో గదిలో వాళ్ళు ఎస్ఓఎస్ కొట్టారని బతికినవాళ్ళు విచారణలో చెప్పారు. ఆ పిలుపు విని మాత్రం ఎవరూ రాలేదు. నాలుగో రోజు వేరే పని మీద వెళ్తున్న గస్తీ విమానానికి అనుకోకుండా కనపడ్డారు, చివరికి 1,195 మందిలో బతికింది 316 మంది. ఆ పన్నెండు నిమిషాల్లో బయటికి పరిగెత్తకుండా కీ ముందు కూర్చున్న మనిషిని మనం ఏమనాలి?

వ్యాసం రాసినాయన మీద నాకు కోపం ఏమీ లేదు, తుపాకుల గురించి చాలా శ్రద్ధగా రాశారు. వచ్చే ఆదివారం చిన్న సవరణ వేయండి చాలు. ఆ ఫోటో మీ దగ్గర పెద్ద సైజులో ఉంటే ఒకసారి చూడండి, కుర్రాడి కుడి చేతి దగ్గర చిన్న ఇత్తడి మీటలాంటిది ఉంది, అది మోర్స్ కీ. చెయ్యి దాని మీద లేదు, పెన్సిల్ పట్టుకుని ఉంది. వింటున్నాడు. కింద "రేడియో ఆపరేటర్, డ్యూటీలో" అని వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక హామ్ రేడియో ఆపరేటర్