ఆ చప్పట్లు వెనకబడింది మీవల్ల కాదు

అక్కలకు, అన్నలకు నమస్తే. పోయినేడు బతుకమ్మ సీజన్‌లో మన స్టూడియోలో కోరస్ పాడిన అక్కలకు ముందుగా ఒక మాట చెప్పాలి. చప్పట్లు డప్పుకు వెనకబడుతున్నాయని ఒక్క పల్లవిని మీతో పదకొండు సార్లు పాడించాను. "అలిసిపోయినట్టున్నారు, చాయ్ తాగి రండి" అని కూడా అన్నాను. మీలో ఒక అక్క "చిన్నప్పటి సంది ఆడుతున్నం తమ్మీ, చప్పట్లు గూడ నువ్వే నేర్పుతవా" అంటే నవ్వి ఊరుకున్నాను. ఆమె అన్నదే నిజం. తప్పు మీ చేతుల్లో లేదు, నా కంప్యూటర్లో ఉంది. ఈ మధ్య పాటలు రికార్డ్ చేసే సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు ఆ సంగతి బయటపడింది.

ఎందుకు మార్చానో కూడా దాచకుండా చెప్తా. ఏడేళ్ల కింద హన్మకొండలో ఈ మేడమీది గది మొదలుపెట్టినప్పటి నుంచి నేను వాడింది క్రాక్ వెర్షన్. పైసా కట్టలేదు. ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఎందుకులెండి, కొనుక్కున్నవాళ్లకు అది బాగానే పనిచేస్తుంది. నా దొంగ కాపీ మాత్రం పోయినేడు సద్దుల బతుకమ్మకు పన్నెండు రోజుల ముందు ఒక పాట ప్రాజెక్టును తెరవనంది. పాడినవన్నీ ఫోల్డర్‌లో ఉన్నాయి, కానీ ఏ ముక్క ఏ చరణంలోదో చెప్పే ఫైలు పాడైంది. 140 ముక్కలు, అన్నింటికీ "ఆడియో" అనే పేరు, పక్కన ఒక అంకె. ఒక్కోటి వింటూ రెండు రాత్రులు అతికించాను. మూడో చరణంలో అసలు గొంతు ఎంతకీ దొరకలేదు. పరకాల దగ్గరి నుంచి బస్సులో వచ్చి పాడిపోయిన అవ్వను మళ్లీ పిలిపించి, "మైకు ఖరాబైంది అవ్వా" అని చెప్పాను. అవ్వా, మైకు మంచిగనే ఉండె.

ఆ సీజన్ గడిచాక కూర్చుని వెతికాను. నాకు కావలసింది పెద్దగా ఏమీ లేదు. మన ఒక్కో పాటకు ఇరవై, ఇరవై రెండు ట్రాకులు, అంటే విడివిడిగా పట్టే శబ్దాల వరుసలు, పడతాయి: అసలు గొంతు, కోరస్ నాలుగైదు పొరలు, చప్పట్లు, డప్పు, డోలు, ఫ్లూటు, కీబోర్డు. నా కంప్యూటర్ 8 జీబీ ర్యామ్ ఉన్న పాత విండోస్ పెట్టె. అంటే ఆపిల్ కంప్యూటర్లలోనే నడిచే లాజిక్ ప్రో లెక్కలోకే రాదు. 2002లో ఆపిల్ కంపెనీ, లాజిక్ తయారుచేసే ఎమాజిక్‌ను కొన్నాక దాని విండోస్ వెర్షన్ ఆపేసింది. హైదరాబాద్ సినిమా స్టూడియోల్లో ప్రో టూల్స్ ఎక్కువ కనబడుతుంది కాబట్టి అదే తీసుకోమని ఇద్దరు ముగ్గురు అన్నలు చెప్పారు. దాని ఉచిత వెర్షన్‌లో ఆడియో ట్రాకులు ఎనిమిదే. మన కోరస్‌కే చాలవు. పూర్తి వెర్షన్‌కేమో డబ్బు కట్టాలి. క్యూబేస్ మంచిదే, సంగీత దర్శకులు చాలామంది దాని మీదే పాట కడతారు. కానీ నేను పాటలు కట్టేవాణ్ని కాదు, పాడింది పట్టుకునేవాణ్ని. నాకు పనికిరాని వాయిద్యాలకు, హంగులకు అంత డబ్బు దేనికి? కేక్‌వాక్ ఉచితమని ఆశపడ్డాను. 2017లో గిటార్ల కంపెనీ గిబ్సన్ దాని తయారీ ఆపేస్తే, 2018లో బ్యాండ్‌ల్యాబ్ అనే ఇంకో కంపెనీ తీసుకుని ఉచితంగా ఇచ్చింది, ఆ తర్వాత మళ్లీ సోనార్ పేరుకు మార్చింది. ఇన్ని చేతులు మారినదాని మీద మీ పాటలు పెట్టాలంటే నాకే టెన్షన్.

చివరికి రీపర్ దగ్గర ఆగాను. ఒకప్పుడు ప్రతి ఇంటర్నెట్ సెంటర్‌లో పాటలు మోగించిన విన్‌యాంప్ గుర్తుందా? దాన్ని తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెలే దీన్నీ తయారుచేశాడు. ఇన్‌స్టాల్ చేసే ఫైలు ఒక వాట్సాప్ వీడియో అంత కూడా ఉండదు. 60 రోజులు ఉచితంగా, ఏ కోతా లేకుండా వాడి చూడొచ్చు. ఆ తర్వాత వ్యాపారం చేసేవాళ్లు ఏడాదికి 20,000 డాలర్లకు మించి సంపాదించకపోతే 60 డాలర్లు, మించితే 225. మన గదికి అంత ఆదాయం వచ్చిన రోజున 225 సంతోషంగా కడతా, మీకు స్వీట్లు కూడా పంచుతా. ఇప్పటికైతే 60 డాలర్లు, మన రూపాయల్లో ఐదు వేల పైచిలుకు.

ఇక్కడ ఇంకో సంగతి ఒప్పుకోవాలి. 60 రోజులు దాటినా రీపర్ ఆగిపోదు. తెరిచినప్పుడల్లా కొనుక్కోమని ఒక చిన్న కిటికీ వచ్చి కొన్ని సెకన్లు నిలబడుతుంది, అంతే. ఏడేళ్ల అలవాటు ఊరికే పోతుందా? మూడు రోజులు దాన్ని పక్కకు నెట్టి పని చేసుకున్నాను. నాలుగో రోజు ఒక అన్న రికార్డింగ్‌కు వచ్చి నా వెనకాల నిలబడి చదివాడు. ఆ సాయంత్రమే డబ్బు కట్టాను.

ఇక చప్పట్ల సంగతి. కోరస్ అక్కలు హెడ్‌ఫోన్లో డప్పు వింటూ చప్పట్లు కొడతారు. కంప్యూటర్ శబ్దాన్ని ధారగా పంపదు, మోపులు కట్టి పంపుతుంది. దాన్నే బఫర్ అంటాం. సెకనుకు 48,000 శాంపిల్స్ (శబ్దపు చిన్న చిన్న ముక్కలు) లెక్కన 128 శాంపిల్స్ మోపు కడితే 2.7 మిల్లీసెకన్లు, 1024 కడితే 21 పైన. డప్పు మీ చెవికి చేరేటప్పుడు ఒకసారి, మీ చప్పట్లు కంప్యూటర్‌కు చేరేటప్పుడు ఇంకోసారి ఆలస్యమవుతుంది. ఆలస్యం ఉండటం తప్పు కాదు. ఎంత ఆలస్యమో డ్రైవర్ (కంప్యూటర్‌కు, ఆడియో పెట్టెకు మధ్య మాట కలిపే చిన్న ప్రోగ్రామ్) చెబితే, సాఫ్ట్‌వేర్ రికార్డయిన ముక్కను తెర మీద అంత ఎడమకు జరిపి సరైన చోట కూర్చోబెడుతుంది. నా క్రాక్ కాపీ మన ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) సొంత డ్రైవర్‌తో తెరుచుకునేది కాదు, అందుకని ఏదో ఉమ్మడి డ్రైవర్ వేసి నడిపించాను. అది తప్పు లెక్క చెప్పేది. గొంతులో ఆ తేడా పెద్దగా పట్టుకోలేం, చప్పట్లలో దొరికిపోతుంది.

రీపర్ పెట్టాక, ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు ఒక కేబుల్ తగిలించి, క్లిక్ శబ్దం మోగించి, దాన్నే మళ్లీ రికార్డ్ చేశాను. పాత డ్రైవర్‌తో రెండు క్లిక్కుల మధ్య తేడా 31 మిల్లీసెకన్లు. శబ్దం గాలిలో అంతసేపట్లో పది మీటర్లు పోతుంది. బతుకమ్మ చుట్టూ అందరూ ఆడుతుంటే ఒకామె మాత్రం పక్కింటి గేటు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టినట్టు అన్నమాట. ఇంటర్‌ఫేస్ సొంత డ్రైవర్ వేశాక తేడా కొన్ని శాంపిల్స్‌కు దిగింది. ఆ మిగిలిందాన్ని కూడా రీపర్ సెట్టింగుల్లో చేత్తో అంకె వేసి సరిచేశాను. ఏడేళ్లలో ఒక్కసారైనా ఈ కేబుల్ పరీక్ష చేయనందుకు నన్ను మీరు తిట్టొచ్చు.

దీనివల్ల మీకు మారేది కొంచెమే. రేట్లు పెంచడం లేదు. పాట నాణ్యత సాఫ్ట్‌వేర్ మార్చగానే మారదు, అలా మారుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మారేదల్లా భద్రత. రీపర్ ప్రాజెక్ట్ ఫైలు మామూలు అక్షరాల ఫైలు, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుంది. ఏదైనా చెడినా ఏ ముక్క ఎక్కడిదో చదువుకోవచ్చు, మళ్లీ 140 ముక్కల కథ ఉండదు. ఇబ్బంది కూడా ఒకటుంది. రీపర్‌తో పాటు డప్పు, డోలు లాంటి వాయిద్యాల శబ్దాలు రావు. ఇన్నాళ్లూ కీబోర్డు మీద డప్పు, డోలు వాయించి పని కానిచ్చినవాళ్లు ఇకమీద డప్పు కొట్టే అన్నను వెంట తెచ్చుకుంటే మంచిది. నాకైతే అదే ఇష్టం.

పాత ప్రాజెక్టులు రీపర్‌లో నేరుగా తెరుచుకోవు. క్రాక్ కాపీ తీసేసే ముందు గత రెండేళ్ల పాటల ట్రాకులన్నీ పాట సున్నా సెకను నుంచి మొదలయ్యేలా వేవ్ ఫైళ్లుగా తీసి పెట్టాను. అంతకు ముందువి లేవు. ఐదు నిమిషాల పాటలో ఒక్కో ట్రాక్ 43 ఎంబీ, హార్డ్ డిస్క్ నిండినప్పుడల్లా పాతవి తుడిచేస్తూ వచ్చాను. అడగకుండా తుడిచాను, అదీ తప్పే. ఇకమీద పాట అయిపోగానే ట్రాకులన్నీ మీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తా.

ఇంట్లో పాడి పంపుతామనేవాళ్లు ఏది కొనాలని అడుగుతున్నారు. ఏదీ కొనకండి. ఒక్క గొంతు రికార్డ్ చేయడానికి కంప్యూటర్‌లో ఆడాసిటీ చాలు, ఆపిల్ ఫోన్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ చాలు. ఆడాసిటీలో అయితే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు, గ్యారేజ్‌బ్యాండ్‌లో అయితే అది ఇచ్చే వేవ్ ఫైలు చేసి, వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫ్యాన్ మాత్రం ఆపండి.

పోయినేడు చేసిన కోరస్ పాటలు తొమ్మిది. చప్పట్లు సరిచేసి, మళ్లీ మిక్స్ చేసి పెత్రమాసలోపు (బతుకమ్మ మొదలయ్యే అమావాస్య) ఉచితంగా ఇస్తా. ఒక్కటి ఆలోచించుకోండి. యూట్యూబ్‌లో ఉన్న వీడియోకు మన కొత్త మిక్స్‌ను అసలు ఆడియో స్థానంలో పెట్టలేం, కొత్తగా ఎక్కిస్తే పాత వ్యూస్ రావు. కొత్తది కావాలో, పాతదే ఉంచుకుంటారో మీ ఇష్టం.

మొదటి పాట నిన్న అయిపోయింది. చప్పట్లు నేర్పుతవా అన్న ఆ అక్కకే ఫోన్‌లో వినిపించాను. చివరిదాకా విని, "గిప్పుడు మంచిగుంది. మరి ఆనాడు మేం తాగిన చాయ్ పైసలు ఎవరిచ్చిన్రు?" అంది. వాళ్లే ఇచ్చుకున్నారు. ఎనిమిది చాయ్‌లు, అవి కూడా నేను బాకీ.