గట్ల మీద కొట్టే కలుపు మందు గురించి కలెక్టర్ గారికి

అయ్యా, నమస్కారం.

మా నాన్నగారు నలభై ఏళ్లు కోనసీమలో వరి పండించారు. ఇప్పుడు టీ గ్లాసు పట్టుకుంటే సగం పంచె మీదే ఒలుకుతుంది. చొక్కా బొత్తాలు అమ్మే పెడుతుంది. పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు అన్నారు డాక్టర్లు. దానికి పురుగుమందులే కారణమని నేను చెప్పలేను. కానీ అమెరికా శాస్త్రవేత్త కెరొలిన్ టానర్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో, పారాక్వాట్ అనే కలుపు మందు వాడినవారిలో ఈ జబ్బు దాదాపు 2.5 రెట్లు ఎక్కువగా కనిపించింది. యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి దానికి అనుమతే లేదు. ఇక్కడ కూలీలు చేతికి తొడుగు లేకుండా కొడుతున్నారు, డబ్బాలు పంట కాలువలోనే కడుగుతున్నారు. మా మంచినీళ్ల చెరువు నిండేది ఆ కాలువతోనే.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛతో పడిపోయాక గానీ పరీక్షలకు కదలిక రాలేదు. ఇక్కడా అంతదాకా ఆగకుండా, దయచేసి సార్వా కోతల లోపే మా చెరువు నీటిని పరీక్ష చేయించండి. మందు కొట్టే కూలీలకు నరాల వైద్యుడితో శిబిరం పెట్టించండి.

ఇట్లు,
ఒక రైతు కూతురు