సైక్స్ వేడినీటి బుగ్గల దారిలో మా తమ్ముణ్ణి నడిపించి తీసుకొచ్చిన వాళ్ళకు కృతజ్ఞతలు

ముందు మంచి కబురు. కాలిఫోర్నియా అడవిలో సైక్స్ వేడినీటి బుగ్గలకు నడిచి వెళ్తూ కాలు మడతపడ్డ మా తమ్ముడికి ఎముక విరగలేదని ఎక్స్‌రేలో తేలింది. చీలమండ బెణికింది, ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ గట్టిగా సాగింది, అంతే. వాపు బాగా తగ్గింది, మళ్ళీ ఆఫీసుకు కూడా వెళ్తున్నాడు. ఫోన్లు చేసి అడిగిన వాళ్ళకు, మెసేజ్‌లు పెట్టిన వాళ్ళకు, ఊళ్ళో అమ్మానాన్నలకు ధైర్యం చెప్పిన వాళ్ళకు పేరుపేరునా నమస్కారాలు.

అయితే వాడు ఇంటికి చేరడానికి అసలు కారణమైన వాళ్ళకు తెలుగు రాదు. వాళ్ళలో సగం మంది పేర్లు కూడా మాకు తెలియవు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. బే ఏరియా నుంచి మనవాళ్ళు చాలామంది ఆ దారికి వెళ్తుంటారు. ఆ అడవిలో ఎలాంటి మనుషులు పనిచేస్తున్నారో మనకు తెలియాలి.

కాలిఫోర్నియా తీరంలో బిగ్ సర్ స్టేషన్ దగ్గర మొదలవుతుంది పైన్ రిడ్జ్ ట్రెయిల్. బిగ్ సర్ నది లోయ వెంబడి సుమారు 10 మైళ్ళు, అంటే 16 కిలోమీటర్లు లోపలికి నడిస్తే సైక్స్ క్యాంప్, అక్కడ వేడినీటి బుగ్గలు. మొదట్లోనే నిట్టనిలువు ఎక్కుడు. ఆ తర్వాత దారి కొండవాలునే పట్టుకుని పోతుంది, నది ఎక్కడో అడుగున వినిపిస్తుంటుంది. టెరేస్ క్రీక్, బార్లో ఫ్లాట్ లాంటి చోట్ల రెడ్‌వుడ్ చెట్ల నీడ, నీళ్ళు దొరుకుతాయి. మిగతా చోట్ల ఎండ, పొదలు, ముట్టుకుంటే దద్దుర్లు లేచే పాయిజన్ ఓక్. ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. రోడ్డు అసలే లేదు. లోపల ఏదైనా జరిగితే నడిచి బయటికి రావాలి, లేదా హెలికాప్టర్ రావాలి.

బుగ్గలు క్యాంప్ నుంచి నది దిగువకు కొంచెం దూరంలో ఉంటాయి. నీళ్ళలో, రాళ్ళ మీద అడుగులు వేసుకుంటూ పోవాలి. మేము ఇంకాసేపట్లో చేరతామనగా తమ్ముడి కాలి కింద రాయి దొర్లింది. చీలమండ లోపలికి మడత పడింది. చూస్తుండగానే బూరెలా పొంగింది. వాడు నొప్పిని పళ్ళ బిగువున ఆపుకుంటున్నాడు. నాకైతే కాళ్ళూ చేతులూ ఆడలేదు.

అప్పుడు బుగ్గలో కూర్చున్న ఒక పెద్దావిడ గబగబా లేచి నీళ్ళలో నడుచుకుంటూ వచ్చారు. చాలా ఏళ్ళు ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా చేసి రిటైర్ అయ్యారట. తమ్ముణ్ణి రాతి మీద కూర్చోబెట్టి, బూటు విప్పి, చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచును బొటనవేలితో కింది నుంచి పైకి నొక్కుతూ వెళ్ళారు. పాదం బయటి అంచున, మధ్యలో కూడా నొక్కి చూశారు. తర్వాత లేపి, నాలుగడుగులు వెయ్యమన్నారు. కుంటుతూనే వేశాడు. ఎముక మీద నొక్కితే నొప్పి లేకపోవడం, నాలుగడుగులు వెయ్యగలగడం, ఈ రెండూ ఉంటే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువని మాకు అర్థమయ్యేలా చెప్పారు. ఆ మాట వినేదాకా నా టెన్షన్ తగ్గలేదు. తన సంచిలోంచి సాగే పట్టీ తీసి, పాదం చుట్టూ, మడమ పైన ఎనిమిది అంకెలా తిప్పి కట్టారు. మధ్యమధ్యలో వేలిగోళ్ళు నొక్కి రక్తం తిరిగి వస్తోందా అని చూసుకున్నారు.

ఇంకో మాట కూడా ఖచ్చితంగా చెప్పారు. కొత్త బెణుకుకు వేడి తగిలితే వాపు పెరుగుతుంది, అందుకని వేడినీళ్ళలో కాలు పెట్టొద్దు, నదిలో పెట్టు అని. అంత దూరం బుగ్గల కోసమే నడిచి వచ్చిన వాడు వాటి పక్కనే చన్నీళ్ళలో కాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ కూడా తన స్నానం వదిలేసి, చీకటి పడేదాకా వాడితో కబుర్లు చెబుతూ ఆ రాతి మీదే కూర్చున్నారు. అమ్మా, మీ చేతికి మేమెప్పుడూ రుణపడి ఉంటాం.

ఆవిడ భర్త క్యాంప్‌కు వెళ్ళి, అక్కడ దిగి ఉన్న ట్రెయిల్ వాలంటీర్లకు చెప్పారు. వాళ్ళ గురించి కాస్త వివరంగా రాయాలి. 2016 జూలైలో ఎవరో ఆర్పకుండా వదిలేసిన చలిమంట నుంచి సోబెరానెస్ కార్చిచ్చు పుట్టి లక్షా ముప్ఫై వేల ఎకరాలకు పైగా కాల్చేసింది. ఆ వెంటనే వచ్చిన చలికాలం వానలకు కొండచరియలు విరిగాయి, ట్రెయిల్ చాలాచోట్ల కొట్టుకుపోయింది, బుగ్గల దగ్గర జనం కట్టుకున్న పాత తొట్లూ పోయాయి. దారి మూసేశారు. మళ్ళీ తెరిచింది 2021 ఏప్రిల్‌లో. వెంటానా వైల్డర్‌నెస్ అలయన్స్ లాంటి సంస్థలు, వాటి వెంట వచ్చిన వాలంటీర్లు ఏళ్ళ తరబడి కష్టపడితేనే అది జరిగింది. పైగా 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం (అడవుల్ని సహజంగా ఉంచేందుకు చేసిన చట్టం) ప్రకారం అక్కడ మోటారుతో నడిచే రంపాలు వాడకూడదు. దారికి అడ్డంగా పడ్డ మానునైనా ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని లాగే పెద్ద రంపంతోనే కోయాలి.

ఆ రంపాన్ని దగ్గరగా చూశాను. మనిషంత పొడవుంది. పళ్ళు ఎవరికీ గీసుకోకుండా పాత ఫైర్ హోస్ ముక్కను నిలువునా చీల్చి తొడిగి, తాళ్ళతో కట్టారు. మరునాడు పొద్దున్నే ఇద్దరు వాలంటీర్లు తమ పని ఆపేసి మాతో బయలుదేరారు. ఒకాయన ఆ రంపం భుజాన వేసుకుని, దాంతోపాటు తమ్ముడి టెంట్ కూడా తన వీపుకెత్తుకున్నాడు. రెండో ఆయన వాడి సంచి మొత్తం ఖాళీ చేసి, బరువైనవన్నీ పంచి, వాడికి నీళ్ళ సీసా ఒక్కటే మిగిల్చాడు.

ఒక్కరోజులో బయటపడలేమని వాళ్ళకు ముందే తెలుసు. బార్లో ఫ్లాట్‌లో ఆగాం. మా తిండి లెక్క ప్రకారం అప్పటికి అయిపోవాలి. అక్కడ దిగిన కాలేజీ పిల్లలు తమ అన్నం, బీన్స్ మాకు పెట్టారు. మా దగ్గర మిగిలిన కందిపొడి వాళ్ళకు పెట్టాం, చాలా ఇష్టంగా తిన్నారు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి తన శాటిలైట్ పరికరంతో మావాళ్ళకు మెసేజ్ పంపింది. ఆ మెసేజ్ అందకపోయుంటే ఆ రాత్రి ఇండియాలో ఎవరూ నిద్రపోయేవారు కాదు.

చివరి రెండు మైళ్ళ దిగుడే అన్నింటికన్నా కష్టమైంది. ఎక్కేటప్పుడు ఆయాసం తెచ్చిన మలుపులే దిగేటప్పుడు బరువంతా చీలమండ మీద వేస్తాయి. రంపం మోసిన ఆయన ముందు నడుస్తూ, ఎత్తుగా ఉన్న ప్రతి మెట్టు దగ్గరా ఆగి, వెనక్కి తిరగకుండానే భుజం కిందికి వంచేవాడు. తమ్ముడు దాని మీద చెయ్యి వేసి దిగేవాడు. ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

బిగ్ సర్ స్టేషన్ దగ్గర మా పక్క అపార్ట్‌మెంట్ అన్నయ్య, వదిన కారుతో సిద్ధంగా ఉన్నారు. ఫ్రీమాంట్ నుంచి అంత దూరం వచ్చి, ఎప్పుడు వస్తామో తెలియక మధ్యాహ్నం నుంచీ కాచుకుని కూర్చున్నారు. వదిన పెరుగన్నం, ఆవకాయ తెచ్చింది. అన్నయ్య అటునుంచి అటే ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఎక్స్‌రే అయ్యేదాకా పక్కనే ఉన్నాడు. మీకు థాంక్స్ చెబితే కోప్పడతారని తెలిసే ఇక్కడ రాస్తున్నాను.

ఆ దారికి వెళ్ళే మనవాళ్ళకు ఒక విన్నపం. దారిలో రంపంతోనో పారతోనో పనిచేసేవాళ్ళు కనబడితే ఆగి రెండు మాటలు మాట్లాడండి. మీ చెత్త మీ సంచిలోనే తిరిగి తెచ్చుకోండి, మంట వెయ్యొద్దు. తమ్ముడి కాలు పూర్తిగా బాగయ్యాక మేమిద్దరం వాలంటీర్ పనికి పేరు ఇస్తున్నాం. కలిసి వచ్చేవాళ్ళు ఉంటే కామెంట్లో చెప్పండి.

ఇంకొకటి. నర్సుగారి భర్త తన ట్రెకింగ్ కర్రలు రెండూ తమ్ముడికిచ్చి, స్టేషన్‌లో వదిలేయమన్నారు. మేం దిగేసరికి ఆఫీసు మూసేశారు. అవి మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి. నీలం పట్టీలు, ఒకదాని పిడికి తెల్ల టేపు చుట్టి ఉంది. ఆ దంపతులు ఎవరో తెలిసిన వాళ్ళుంటే నాకు మెసేజ్ చెయ్యండి, స్వయంగా తెచ్చి ఇస్తాం.